కాజా అంత సముద్రం

మా అమ్మడికి చూపు మెల్లగా పోతుందని, మందు లేదని కళ్ల డాక్టరు చెప్పేశాడు. అది ఏడవలేదు. "కళ్లుండగా సముద్రం చూపించవే అమ్మా" అంది. బస్సెక్కుదామంటే ఒప్పుకోలేదు. కొండ మీదుగా నడిచి వెళ్తే మొత్తం ఒక్కసారే కనిపిస్తుందని, అది కాజాలు కుట్టే టైలరు షాపులో ఎవరో చెప్పారట.

సంచిలో దూది, కట్టుగుడ్డ, రెండు గొడుగులు, ఒక విజిల్ పెట్టాను.

"విజిలెందుకే?"

"పడిపోతే ఊదడానికి."

"ఇద్దరం పడితే?"

"అపశకునం మాటలు మాట్లాడకు."

ఊరి చివర రంపపు మిల్లు దాటగానే ఎక్కుడు మొదలైంది. దారికి అటూ ఇటూ పసుపుపూల పొదలు, కింద ఎర్రటి పెంకుల ఇళ్లు. నాకు మాత్రం చెట్ల వేళ్లు, గుంటలు, జారుడు రాళ్లే కనిపించాయి.

"చూసి నడువు. రాయి, చూసి. చూసి, అమ్మడూ!"

"చూపు లేనిదాన్ని పట్టుకుని చూసి, చూసి అంటావేంటే!" అని పకపకా నవ్వింది.

అది పాకడం మొదలుపెట్టినప్పటి నుంచీ అంటున్న మాట. పాలగ్లాసిచ్చినా చూసి, మెట్టు దిగినా చూసి. ఆ మాట తీసేస్తే దానికి నేను చెప్పగలిగిందేముంది?

కొండ కొసకి చేరాక చెట్లు పక్కకి తప్పుకున్నాయి. సముద్రం! కళ్లు పట్టనంత. ఎండకి మెరిసిపోతోంది.

"చూశావా? ఎంతుందో!"

అమ్మడు తల కుడికి తిప్పింది, ఎడమకి తిప్పింది. కింద పడ్డ గుండీ కోసం వెతుకుతున్నట్టు పైకీ కిందకీ చూసింది.

"నీలంగా ఉందమ్మా. బాగుంది."

"అంతేనా?"

"కాజాలోంచి చూస్తే ఎంత కనిపిస్తుందే?"

"ఇంకా టైముందన్నాడుగా డాక్టరు! షాపులో ఎలా కుడుతున్నావు మరి?"

"మానిపించేశారు. రోజూ పొద్దున వెళ్లి పార్కులో కూర్చుంటున్నా. నీకు చెప్తే విజిల్ ఊదుతావని..."

నవ్వించాలనే అంది పాపం. నేను పాములకి భయపడ్డాను, పిడుగులకి భయపడ్డాను. ఒకే గదిలో, నా పక్క మంచం మీదే పిల్ల చీకట్లో కలిసిపోతుంటే కనిపెట్టలేకపోయాను.

ఒడ్డుకి దిగాం. అల పాదాల మీదకి వచ్చేదాకా దానికి తెలియలేదు. ఉలిక్కిపడి నా భుజం పట్టుకుంది. ఆ తర్వాత వదల్లేదు.

తిరిగి వస్తుంటే చెట్ల నీడలో ఠక్కున ఆగింది.

"అప్పుడే చీకటి పడిపోయిందేంటమ్మా?"

'చూసి' అనబోయి మింగేశాను.

"అవునమ్మా, పడింది. నా చెయ్యి వదలకు" అన్నాను.

ఆకుల సందులోంచి ఎండ దాని ముఖం మీద పడుతూనే ఉంది.