వినోద్ ఎవడు?

1997 వానాకాలం. మేడ్చల్ పక్కన గౌడవెల్లిలో వినోద పొయ్యి ముందు కూచుని ఉండగా వాకిట్లో జీపు ఆగింది. మాజీ సర్పంచ్ యాదగిరి, వెంట ఇద్దరు మనుషులు దిగారు. అతని చేతిలో ఆ వారం పత్రిక ఉంది.

అందులోని కార్టూన్ ఆమెదే. లారీలతో ఊరి చెరువు పూడ్పిస్తున్న, అచ్చం యాదగిరి పోలికలున్న మీసాల నాయకుడు, "మీకూ తలా ఒక ప్లాటు ఇప్పిస్తా," అని చేపలకు మాటిస్తున్నాడు. సంతకం మాత్రం 'వినోద్'. ఆడవాళ్ళు కార్టూన్లు గీస్తారంటే పాఠకులు నమ్మరని ఐదేళ్ళ కిందట ఎడిటరే ఆమె పేరు అలా మార్చేశాడు.

"వినోద్ ఎవడు? పత్రికోళ్ళ కవర్లు నీ ఇంటికే వస్తయంట గద," అన్నాడు యాదగిరి.

ఫ్యాక్టరీకి బయలుదేరుతున్న ఆమె భర్త రవీందర్ సైకిల్ స్టాండు వేశాడు. భార్య వైపు చూడనేలేదు.

"నేనే, పటేలా. నేనే గీసిన," అన్నాడు.

యాదగిరి పెన్ను తీసి, ఒక కాగితం అతని ముందు పెట్టాడు. "అయితే నా మొకం గియ్యి. సూస్త."

రవీందర్ వంకరగా ఒక సున్నా చుట్టి ఆగిపోయాడు. వెనకున్న మనిషి అతని కాలర్ పట్టుకున్నాడు. "ఎవణ్ణి దాస్తున్నవ్ రా?"

వినోద లేచి వచ్చి పెన్ను లాక్కుంది. కనుబొమ్మలు, మీసం, గడ్డం కింద మడత... నిమిషం కూడా పట్టలేదు.

"ఆయన్ని ఇడువుండ్రి. ఐదేండ్ల సంది గీస్తున్నది నేను."

కాలర్ పట్టుకున్నవాడు బొమ్మను తొంగి చూసి, నవ్వాపుకోలేక దగ్గాడు. యాదగిరి ముఖం జేవురించింది. కాగితం నలిపి పారేశాడు.

"ఆడదానివని ఊకుంటున్న. ఇంకోసారి గీస్తే ఊర్ల ఉండరు."

జీపు వెళ్ళాక రవీందర్ అరుగు మీద కూలబడ్డాడు. "ఇగ బంద్ జెయ్యరాదు, వినోదా? నాకు భయమైతాంది."

"నాకూ అయితాంది. గని వాళ్ళు లారీలు బంద్ జేసిన్రా?"

వారం తిరక్కుండానే ఇల్లు ఖాళీ చెయ్యమని యజమాని కబురు పంపాడు. ఇద్దరూ మచ్చ బొల్లారం చేరారు. అక్కడినుంచి పంపిన ప్రతి కార్టూన్‌కూ వినోద ఉత్తరం జత చేసింది: నా పేరు ఉన్నదున్నట్టు వేస్తేనే వెయ్యండి. ఎడిటర్ రెండు తిప్పి పంపాడు. మూడోది ఆమె పేరుతోనే వేశాడు. అదీ చెరువు గురించే.

ఆ రోజు అల్వాల్ రైల్వే స్టేషన్లో రవీందర్ తన పక్కన కూచున్న ముసలాయనకు పేజీ చూపించాడు. "మా ఇంటామె గీసింది."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "మస్తుగుంది. గీ లారీలోడు ఎవడు బిడ్డా?"

రవీందర్ అటూ ఇటూ చూశాడు. తర్వాత, చుట్టుపక్కలవాళ్ళకు కూడా వినపడేలా పేరు చెప్పాడు.