సాతిబాల్దీ చేయి వదులైన రోజు

మా కారా-బులాక్ ఊళ్ళో, ఎముకలతో ఆడే ఒర్దో ఆటలో సాతిబాల్దీని ఓడించిన మగాడు ఇంతవరకు పుట్టలేదు. ఆయన ఎముక విసిరితే కొండ అవతల కుందేళ్ళు చెవులు మూసుకునేవి. సరే, అసలు సంగతి చెబుతాను. వరసగా తొమ్మిది వసంతాలు ఆయన ఓడిపోతూనే ఉన్నాడు. ఓడించింది పరాయివాడైనా కాస్త బాగుండేది. సొంత వియ్యంకుడు, దిగువ ఊరి ఎసెన్‌కుల్.

పదో వసంతాన వాన పదకొండు రోజులు పట్టుకుని వదల్లేదు. వాగు నీళ్ళు చిక్కటి టీ రంగుకు తిరిగాయి. ఎండ తగిలే వాలున ఎర్ర తులిప్ పువ్వులు లేచాయి. కొండ ఉడతలు బొరియల్లోంచి తలలు బయటపెట్టి చూసి, చీదరించుకుని మళ్ళీ లోపలికి పోయాయి. పన్నెండో రోజు కాస్త తెరిపిచ్చిందో లేదో, రెండూళ్ళ మగవాళ్ళూ వాగు ఒడ్డున బురదలోనే పెద్ద గుండ్రటి గీత గీశారు. లోపల గొర్రె చీలమండ ఎముకలు పేర్చి, నడిమధ్య ఎర్రరంగు వేసిన రాజు ఎముకని, అంటే ఖాన్‌ని, నిలబెట్టారు. చేతిలోని ఆవు ఎముకతో కొట్టి, ఆ ఖాన్‌ని గీత దాటించినవాడిదే ఆట.

అంతకుముందు ఒక పెళ్ళివిందులో వియ్యంకుడు రెచ్చగొడితే సాతిబాల్దీ నోరు జారాడు. మళ్ళీ ఓడితే, తన తండ్రి చేతిలో నలభై ఏళ్ళు అరిగి నున్నబడ్డ ఆవు ఎముకను ఇచ్చేస్తానన్నాడు.

మధ్యాహ్నానికి ఖాన్ జరిగి జరిగి గీత దగ్గర బురదలో ఒరిగింది. విసరాల్సింది సాతిబాల్దీ. ఇది తప్పితే తర్వాతి విసురు ఎసెన్‌కుల్‌ది. అంత దగ్గర్లో ఆయన గురి తప్పడు.

“బావగారూ, ఆ ఎముక ఇలా ఇచ్చేయండి. తగిలించుకోవడానికి మా గోడకు మేకు కూడా కొట్టొచ్చాను.”

“ఆ మేకుకి మీ నాలుక తగిలించుకోండి బావగారూ. కాస్త ఆరుతుంది.”

అన్నాడే గాని సాతిబాల్దీ చేయి కర్రలా బిగుసుకుపోయింది. తొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. గెలవాలన్న ఆశ భుజంలోకి దిగి కీళ్ళు పట్టేస్తుంది.

అంతలో కొండ మలుపు వెనక దడదడమని మోగింది.

“తొలి ఉరుము!” అంటూ ఆయన భార్య సెయిల్‌కాన్ గరిటెతో బయటికి ఉరికింది. ఏడాదిలో తొలి ఉరుముకి ఇంటి చుట్టూ తిరిగి గోడలు కొట్టకపోతే పాడి తగ్గుతుంది మరి. “నేల విచ్చింది, పొదుగు విచ్చింది!” అని కేకలేస్తూ ఊరి ఆడవాళ్ళంతా గరిటెలతో బయలుదేరారు. సెయిల్‌కాన్ ఇల్లు ముగించి, ఆ ఊపులోనే ఆట దగ్గరికొచ్చి, ఎసెన్‌కుల్ టోపీ మీద ఒక్కటిచ్చింది.

“వదినగారూ, నేనేమన్నా ఇల్లా?”

“లోపల ఖాళీయే కదా అన్నయ్యగారూ! పాలైనా నిండుతాయి.”

అప్పుడు మలుపు తిరిగి వచ్చింది ఉరుము. చెక్కవంతెన దాటిన లారీ, నిండా ఖాళీ పాలక్యాన్లు. ఇరవై మంది ఆడవాళ్ళు గరిటెలెత్తి నిలబడి ఉండటం చూసి డ్రైవర్ గబగబా అద్దం ఎక్కించుకున్నాడు.

“ఏంటా నవ్వు?” సెయిల్‌కాన్ మగవాళ్ళ మీద గరిటె ఝళిపించింది. “వచ్చింది పాల లారీయే కదా! కొట్టింది ఊరికే పోతుందా?”

సాతిబాల్దీ కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వుతుంటే భుజం దానంతటదే వదులైంది. ఆ నవ్వు ఆగకముందే విసిరాడు. టప్! బురద చిమ్మింది. ఖాన్ పిచ్చుకలా లేచి, గీత దాటి, వాగు దాటి, దిగువ ఊరివాళ్ళు టీకి నీళ్ళు కాచుకునే సమోవార్‌లో పడింది.

ఊరు ఊరంతా ఆయన్ని భుజాలకెత్తుకుంది. సెయిల్‌కాన్ గరిటెను జెండాలా పట్టుకుని ముందు నడిచింది.

“నవ్వుతూ విసరడం ఏ ఆటలో ఉంది?” ఎసెన్‌కుల్ వెనకనుంచి గొణిగాడు.

“తొమ్మిదేళ్ళు ఏడుస్తూ విసిరాను,” పైనుంచి అరిచాడు సాతిబాల్దీ. “అప్పుడు మీరేమీ అనలేదే బావగారూ!”

సమోవార్ మాట మాత్రం నా చేర్పే. ఖాన్ గీతకు నాలుగు వేళ్ళ అవతల ఆగింది. ఒర్దోలో నాలుగు వేళ్ళు చాలు.