నలుపలకల సీసాలు

పెనాంగ్‌లో కంపెనీ ట్రైనింగ్ ముగించుకుని జురాంగ్ వెస్ట్‌లోని ఫ్లాట్‌లో అడుగుపెట్టిన నిఖిలకు చెప్పులు విడవకముందే ఒళ్లు మండిపోయింది. వంటగట్టు మీద ఆమె బీరు నింపి వెళ్లిన ప్లాస్టిక్ సోడా సీసాలు ఒక్కటీ లేవు. వాటి చోట నలుపలకల గాజు సీసాలు పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు వరసగా నిలబడి ఉన్నాయి.

ఎన్నోసార్లు చెడి, చివరికి కుదిరిన బీరు అది. ఆదివారం తంజోంగ్ పగార్‌లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లంతా కలుస్తున్నారు. అక్కడ తన పేరుతో రుచి చూపించాలని నిఖిల ఆశ. మొగుడు వివేక్ మాత్రం ‘నేను చేసిన బీరు’ అని ఆఫీసంతా టాంటాం వేసుకున్నాడు. పైగా ఈ సాయంత్రం మేనేజర్‌ని భోజనానికి పిలిచాడు.

“నా సోడా సీసాలేవి?”

“చెత్త చూట్‌లో పడేశా. మేనేజర్‌కి ప్లాస్టిక్ బాటిల్లోంచి పోస్తే పరువుంటుందా? ఆవకాయ ఎవరైనా ప్లాస్టిక్‌లో పెడతారా? మా అమ్మని చూడు, గాజు సీసాలో పెట్టి, గాలి దూరకుండా వాసెన కడుతుంది.”

నిజంగానే కట్టాడు మహానుభావుడు. ప్రతి మూత మీదా గుడ్డ, దాని చుట్టూ బిగించిన పురికొస. గ్యాస్ బాగా పట్టాలని ఒక్కో సీసాలో చెంచాడు పంచదార కూడా వేశాడట!

“ఇది ఆవకాయ కాదు వివేక్! లోపల ఈస్ట్ ఆ పంచదార తిని గ్యాస్ వదుల్తూనే ఉంటుంది. సోడా సీసా ఆ ప్రెషర్‌కి ఆగుతుంది. ఎంత పట్టిందో పైనుంచి నొక్కితే తెలుస్తుంది కూడా. ఇవి అందానికి పెట్టుకునే సీసాలు, మూలల్లో పగుల్తాయి. ముందు బయటికి రా!”

“అబ్బా, లెక్చర్ ఆపవే. నా బీరు సంగతి నాకు తెలుసు.”

నా బీరట! చెంప పగలగొట్టాలనిపించింది నిఖిలకు. అతని చొక్కా పట్టుకుని హాల్లోకి ఈడ్చి, వంటింటి తలుపు ధడాలున వేసింది.

కాసేపటికి లోపల ఢామ్మని పేలింది. వెంటనే ఇంకోటి. ఆ తర్వాత వరసగా అన్నీ. తలుపు కింది నుంచి నురగ హాల్లోకి పారింది.

వివేక్ ముఖం పాలిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. “చూశావా, నీ బీరు ఎంత పని చేసిందో! ఈ పిచ్చి పనులు నీకెందుకు చెప్పు?”

నిఖిల చప్పుళ్లు పూర్తిగా ఆగాక బూట్లు వేసుకుని లోపలికెళ్లింది. నొక్కి చూసుకోవడానికని విడిగా పెట్టుకున్న సోడా సీసా బియ్యం డబ్బా వెనక అలాగే ఉంది. నొక్కితే రాయిలా గట్టిగా తగిలింది.

“హమ్మయ్య, ఒకటుందా! ఇటివ్వు, గ్లాసుల్లో సర్దేద్దాం” అని వివేక్ చెయ్యి చాచాడు. ఆ చేతిలో చీపురు పెట్టింది.

కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మేనేజర్.

“వివేక్ చేసిన బీరు వంటింట్లో ఉంది, వెళ్లి చూడండి” అని చెప్పి, తన సీసాను చంకలో పెట్టుకుని నిఖిల లిఫ్టు వైపు నడిచింది.