చెంగమ్మ బొటనవేలు

నేను ఒక స్టాంపు ప్యాడ్‌ను. రేకు డబ్బా, లోపల మెత్తటి గుడ్డ, గుడ్డ నిండా ఊదారంగు సిరా. నన్ను చెన్నపట్నంలో ఒక ఇరుకు కార్ఖానాలో చేశారు. నాతోపాటు తయారైనవి కొన్ని పోస్టాఫీసులకు పోయాయి, కొన్ని బడులకు పోయాయి. వాటికి జీవితాంతం రబ్బరు ముద్రలే గతి. నాకు మాత్రం మనుషుల వేళ్లు దక్కాయి. నెల్లూరు జిల్లాలో ఒక పెద్ద చెరువు పక్కనున్న యానాది కాలనీకి, అక్కడి చేపలు పట్టేవాళ్ల సంఘం గదికి నన్ను తెచ్చారు.

ఆ గదిలో నాదే రాజ్యం. సంతకం వచ్చినవాళ్లు లేరు కాబట్టి నా మీద బొటనవేలు పెట్టనిదే ఏ పనీ జరిగేది కాదు. వలలు లాగి మొరటుబారిన వేళ్లు, ఉప్పుకు పగిలిన వేళ్లు. అందరిలోకీ నాకు చెంగమ్మ వేలంటే ప్రాణం. ఆమె సంఘానికి అధ్యక్షురాలు. పీత కొరికిన మచ్చ ఒకటి ఆ వేలి మీద ఉంది. ముద్ర వేశాక చెంగమ్మ అందరిలాగే వేలిని జుట్టుకు రుద్దుకునేది. అలా నేను ఆమె తలకెక్కి ఇంటిదాకా వెళ్లేదాన్ని.

ఏటా వానలకు ముందు చేపల కాంట్రాక్టరు మాలకొండయ్య ఒక కాగితంతో వచ్చేవాడు. చెంగమ్మ మణికట్టు తనే పట్టుకుని, వేలిని నా మీద అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కి ఉంచేవాడు. "కదలబాక మే, సిరా తాగనీ" అనేవాడు. చెరువు సంఘం పేరున ఉండేది, చేపలు మాత్రం అతని లారీ ఎక్కేవి. కాలనీవాళ్లు తమ చెరువులో తామే అతనికి కూలికి వల లాగేవాళ్లు. అదేం న్యాయమని నేనెప్పుడూ ఆలోచించలేదు. కాగితంతో నాకేం పని? వేలు నాది, అంతే.

అలా ఉండగా నా నెత్తిన పిడుగు పడింది. గదికి సున్నం కొట్టి, 'డిజిటల్ శిక్షణ కేంద్రం' అని బోర్డు తగిలించి, కంప్యూటర్లు దించారు. నేర్పడానికి టౌను నుంచి షంషాద్ అనే అమ్మాయి వచ్చింది. వస్తూనే నన్ను బల్ల మీద నుంచి తీసి కిటికీలో పడేసి, నా చోట్లో కీబోర్డును కూర్చోబెట్టింది. ఒళ్లంతా మీటలు, వెతికినా చుక్క సిరా లేదు. ఆ పొడి మొహానికి మళ్లీ మర్యాదలు! సాయంత్రమైతే గుడ్డ కప్పడం, పొద్దున్నే బ్రష్షుతో దులపడం. నన్ను ఇన్నేళ్లలో ఎవరైనా దులిపారా? నా కడుపు మండిపోయింది.

మొదటిరోజు చెంగమ్మ దాని ముందు కూర్చుని, బొటనవేలు చాపి, ఒక మీట మీద పెట్టి గట్టిగా నొక్కి ఉంచింది. తెర మీద 'చ' అన్న అక్షరం వరుసలు వరుసలుగా పరుగెత్తింది.

"తీసెయ్యక్కా! తాకి వదిలెయ్యాలంతే" అని షంషాద్ అరిచింది.

"అదేంది పాపా, సిరా తాగొద్దా?" అంటూ చెంగమ్మ వేలిని జుట్టుకు రుద్దుకుంది.

కిటికీలో నా ఆనందం చూడాలి మీరు. ఎక్కడ కూర్చున్నా ఆ వేలు నాదే అనుకున్నాను.

కానీ ఆమె పట్టు వదల్లేదు. వేట నుంచి వచ్చి, తడి కొంగు పిండుకుని, నేరుగా ఆ కుర్చీలోనే కూలబడేది. ఈ ఏడు చెరువు కోసం దరఖాస్తు కంప్యూటరులో పంపాలట, సంఘం సొంతంగానే పంపుకోవచ్చట. "మా చెరువులో మేం కూలోళ్లం గాకుండా వల ఎయ్యాల పాపా. ఆ దరకాస్తు నా చేత్తోనే పంపాల" అంది. మీకు ముచ్చటేస్తోందేమో, నాకైతే ఒళ్లు మండింది. నాకు ఇన్నేళ్లుగా ఇచ్చింది ఒక్క వేలు. దానికి పది వేళ్లూ అప్పగించింది! తన పేరు తెర మీద తనే చదువుకుని ఆమె కళ్లు తుడుచుకున్న రోజున, ఆ కీబోర్డు మీద ఎవరైనా టీ ఒలకబోస్తే బాగుండునని మనసారా కోరుకున్నాను.

గడువు చివరి రోజు వచ్చింది. దరఖాస్తు తెర మీద సిద్ధంగా ఉంది, పంపడమే తరువాయి. అప్పుడే మాలకొండయ్య తన కాగితంతో దిగాడు. "ఈ తిప్పలు మీకెందుకు మే? ఎప్పట్లా ఏలుముద్ర ఎయ్యి, నేను జూసుకుంటా" అంటూ నన్ను వెతికి తీసి, దుమ్ము ఊది, సిరా పోశాడు. ఎండి బీటలు వారిన నా గుడ్డ గటగటా తాగేసింది. నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు మీటల మీంచి చేతులు తీసేశారు. అతను మణికట్టు పట్టుకోగానే చెంగమ్మ వేలు అలవాటుగా నా మీదికి వచ్చింది. ఆ మచ్చ నాకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. చూశావా అని కీబోర్డు వైపు మిడిసిపడ్డాను.

వేలు ఆగిపోయింది.

"ఉండన్నా, సదవనీ." చేయి విడిపించుకుని ఆమె కాగితం తీసుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది. "చేపలు... పట్టుకునే హక్కు... పూర్తిగా... మాలకొండయ్య గారికి... ఒప్పగిస్తున్నాము." గదిలో వాళ్లంతా విన్నారు. ఆమె కాగితం మడిచి అతని చేతికిచ్చింది. "ఒప్పగించం అన్నా" అంది. నా మూత వేసి, అది సరిగా పడలేదని బొటనవేలితోనే నొక్కింది. ఆ వేలు నన్ను తాకడం అదే ఆఖరు, అదీ రేకు పైనుంచి.

లోపల చీకటి. టక్‌మని ఒక మీట చప్పుడు వినిపించింది. ఈసారి తాకి వదిలేసింది.

చెరువు సంఘానికే వచ్చింది. ఇప్పుడు చెంగమ్మవాళ్లు తమ చేపలు తామే అమ్ముకుంటున్నారు. వాళ్ల సంతోషం వాళ్లది, అందులో నాకు పాలు లేదు. ఈ కిటికీలో పడి నేను తలుచుకునేది ఒక్కటే. ఆ రోజు దరఖాస్తు వెళ్లిపోయిన మరుక్షణం షంషాద్ నవ్వుతూ అన్న మాట మూతలోంచి నాకు స్పష్టంగా వినిపించింది.

"అదేంటి చెంగమ్మక్కా, వేలికి ఏమీ అంటలేదుగా, జుట్టుకెందుకు రుద్దుకుంటున్నావ్?"

ఆ కీబోర్డు కూడా వినే ఉంటుంది. వినాలి.