గోరి కంట్లో గింజలు

గోరి ఎడమ కన్ను రెండేండ్లుగా కారుతనే ఉంది. పొద్దున లేస్తే రెప్పలు అంటుకుపోయేవి. కండ్లకలకేనని ములకలపల్లి దవాఖానల చుక్కల మందిచ్చిండ్రు. వేసినన్నాళ్లు తగ్గేది, మానంగనే మళ్ల మొదలయ్యేది. ఆ మధ్య అంగట్ల ఒకడు కూచోబెట్టి, రెప్ప మీద ఊది, కంట్లోంచి మూడు రాళ్లు తీసి చూపించిండు. అవి వాడు వేళ్ల సందున దాచుకున్నవేనని గోరి తర్వాత కనిపెట్టింది. అప్పట్నుంచి కన్ను ముట్టుకుంటనంటే ఎవర్నీ నమ్మేది కాదు.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు ఎండాకాలంల భర్త దస్రు పట్టుబట్టి ఆమెను ఖమ్మం తీసుకపోయిండు. కంటి డాక్టరు సారంగపాణి ముక్కు పక్క మూలనే చాలాసేపు చూసిండు. కన్నీళ్లు దిగే సన్న రంధ్రం అక్కడ ఉబ్బి ఎర్రగ ఉంది. గాజుపుల్లతో నొక్కితే చీముతోపాటు రవ్వంత పసుపుపచ్చటి గింజలు రెండు బయటపడ్డయి.

గోరి గభాలున వెనక్కి జరిగింది.

"నీ చేతులు చూపియ్యి సారూ."

దస్రు సిగ్గుతో తల దించుకుని అంగడి సంగతి చెప్పిండు. డాక్టరు కోపం చెయ్యలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, రెండు అరచేతులు చాపి, ఆమెకు సబ్బు, అద్దం ఇప్పించిండు.

"నువ్వే నొక్కి చూడమ్మా."

చేతులు కడుక్కుని నొక్కింది. ఇంకో గింజ ఆమె వేలి మీదికే వచ్చింది. నలిపి చూస్తే రాయి కాదు.

డాక్టరు ఒక గింజను గాజుపలక మీద చిదిమి, రంగేసి, మైక్రోస్కోపుల చూసిండు. ఆమెకూ చూపించిండు. చిక్కుపడ్డ దారాల తీరు కనపడ్డది. ఇది అరుదైన బాక్టీరియా అనీ, కన్నీటి గొట్టంల గింజ కట్టి దాక్కుంటే చుక్కల మందు లోపలికి పోదనీ, గొట్టం కాస్త చీల్చి గీకి తియ్యాలనీ చెప్పిండు.

గోరి ఒప్పుకున్నది గానీ, దస్రును పక్కన నిలబెట్టుకున్నది.

"నా మొఖం చూడకు. ఆయన చేతులు చూడు."

మత్తు సూది వేసి, చిన్న గరిటె లాంటి దానితో గింజలన్నీ తీసిండు. పెన్సిలిన్ చుక్కలు రాసిచ్చిండు. పదిహేను రోజులకు కన్ను ఆరింది. మళ్ల చూపించుకుని వస్తుంటే, ఇప్పుడన్న నమ్మకం కుదిరిందా అని దస్రు బస్సుల అడిగిండు.

"వానలు పడేదాక చూద్దాం" అన్నది గోరి.

వానలు పడ్డయి, వెనక్కి పోయినయి, కన్ను మళ్ల కారలేదు. మిర్చి ఏరే రోజుల్ల పక్కింటి రూప్లికి చూపు మసకబారితే, గోరే ఆమెను ఖమ్మం బస్సెక్కించి వెంట పోయింది.