లుసేరి క్రీడాంగణము

దీర్ఘవర్షములనబడు వానకారు కడపటి దశకు వచ్చియున్న కాలము. భూమధ్యరేఖకు కూతవేటు దూరముననున్న కకమేగా మండలమునందు ప్రాతఃకాలమెల్ల నిర్మలముగ వెలిగిన గగనము మధ్యాహ్నము తిరుగగానే తూర్పుననున్న నంది పర్వతశ్రేణి వెనుకనుండి లేచిన నీలమేఘములచే నావృతమై చెఱకుతోటలమీదను మొక్కజొన్నచేలమీదను ఎఱ్ఱమన్ను బాటలమీదను రేకుల కప్పులుగల పాఠశాలలమీదను ధారాపాతముగ వర్షించి సాయంకాలమునకు ఏమియు నెఱుగనట్లు తేటపడుచుండెను. ఆ దేశపువారు గడియారమును నమ్మకున్నను ఆ వానను నమ్ముదురు. పెండ్లియైనను పంచాయతీయైనను పందెమైనను ఉదయముననే ముగించుకొందురు.

అట్టి యొక యుదయమున త్రుఫేనా ఖసాండి యను ప్రౌఢవనిత లుసేరి గ్రామమునకు కారులో పోవుచుండెను. ఆమె పట్టణమునందలి గొప్ప బాలికాపాఠశాలకు ప్రిన్సిపాలు. పశ్చిమప్రాంత పాఠశాలల బాస్కెటుబాలు సంఘమునకు అధ్యక్షురాలు. ఆ సంవత్సరాంతమున ఉద్యోగవిరమణ చేయవలసినది. ఆ దినమామె చేయబూనిన పని చూచుటకు చిన్నది. తమ నేల సిద్ధమైనదని వ్రాసికొన్న లుసేరి బాలికల జట్టు ప్రాంతీయ పోటీలలో నాడవచ్చునో ఆడరాదో అచ్చటి క్రీడాంగణమును పరీక్షించి చెప్పవలెను. అంతియే. అయినను ఆమెకది చిన్నపనిగ తోచలేదు.

ఏలననగా ఆ లుసేరియందే ఆమె పడుచుదనమున తొలుత ఉపాధ్యాయినిగా చేరినది. చేరిన యేడే అడవిదుంగలు రెండు పాతించి వాని కొసల ఇనుపవలయములు బిగించి మొరము పఱచిన నేలపై బాలికల చేతికి బంతి నిచ్చినది. ఆడుపిల్లలు నీళ్లు మోయుట మాని గాలిలోని కెగురుటేమని యూరివారు పకపక నవ్విరి. నవ్విన నాపచేనే పండునన్న మాట యెక్కడికి పోవును? చుట్టుపట్టుల పాఠశాలలనెల్ల లుసేరి బాలికలు వరుసగా నోడించుచుండ నవ్వినవారే మేకపోతును కోసి విందు చేసిరి. ఆ బాలికలలో రోడా మినాయో యనునది మెఱుపుతీగ వంటిది. బంతి దాని చేతికి చిక్కెనా ఇక వలయములోనికి పోయి తీఱవలసినదే.

ఒకనాటి పందెమున ఆ మినాయో మొరముపై కాలు జాఱి పడగా గులకఱాళ్లు మోకాటిలోనికి దిగి చిప్ప చితికెను. మాసములకొలది ఆసుపత్రిలో నుండియు ఆ పిల్ల కుంటుచునే తిరిగివచ్చెను. త్రుఫేనా యది చూచి కన్నతల్లికంటె నెక్కువగ నేడ్చెను. ఇక నా కంఠమున ప్రాణముండగ ఏ బాలికయు మొరముపై నాడరాదని నాడే యొట్టు పెట్టుకొనెను. మంచి యొట్టే. మంచి యొట్లే మనుష్యులను ముంచునని ఆమె కప్పుడెవరు చెప్పగలరు?

క్రమముగా ఆమె ప్రిన్సిపాలైనది. క్రీడాసంఘమున సభ్యురాలైనది. పిదప అధ్యక్షపీఠ మెక్కినది. ఎక్కిన తొలిసభయందే సిమెంటు క్రీడాంగణము లేని పాఠశాల పోటీలలో చేరరాదని నియమము ప్రతిపాదించెను. అట్లు శాసించినచో ప్రభుత్వమువారికి సిగ్గుకలిగి ప్రతిపల్లెకును సిమెంటు పఱపింతురని ఆమె యాశ. తన తరువాత వచ్చువారు మెత్తబడుదురేమోయను శంకచేత అధ్యక్షులైనను ఏకాకిగ దీనిని సడలింపరాదనియు సభ యంతయు నొప్పవలెననియు తానే చేర్పించెను.

ఆ దేశపు సభలకొక మర్యాద కలదు. పెద్దవారు మాటాడి ముగింపగనే ఒకరు లేచి "కీలో" యని కేకవేయుదురు. వెంటనే సభ్యులందఱు ఒక్కతాళమున చప్పట్లు చఱతురు. ఆ చప్పట్లు పెద్దఱికమునకు చేయు దండము. మాటకు సమ్మతియని వానికర్థము లేదు. అది పుట్టినది మొదలు ఎఱిగిన త్రుఫేనాయే ఆ దినమున వానిని సమ్మతియని తలపోసెను. లోలోన గొణిగినవారు లేకపోలేదు. పెద్దమ్మ ముఖముమీద కాదనుట యెట్లని యూరకుండిరి.

కొండనాలుకకు మందువేయ నున్ననాలుక యూడినట్లయ్యెను. ప్రభుత్వమువారికి సిగ్గు కలుగలేదు. సిమెంటు కలిగిన గొప్ప పాఠశాలలు ఆడినవి. పల్లెపాఠశాలలు ఒక్కటొక్కటిగ ఆట మానుకొన్నవి. ఇనుపవలయములు త్రుప్పుపట్టి రాలిపోగా దుంగలకు పశువులను కట్టిరి. త్రుఫేనా మాత్రము ఏటేట నునుపైన అంగణములలో తెల్లని జోళ్లు తొడిగి పరుగులెత్తు బాలికలను చూచి ఒక్క మోకాలైన చితుకలేదని సంతసించుచుండెను. ఆ బాలికలలో లుసేరి వంటి యూరివారు ఒక్కరును లేరని ఆమెకు చాలకాలము తట్టనేలేదు. తట్టునప్పటికి తల నెరసెను.

కారు పాఠశాల ముంగిట నాగెను. కుంటుచు నెదురువచ్చిన యుపాధ్యాయినిని చూచి త్రుఫేనా చేతులు చాచెను. రోడా మినాయో అచ్చటనే చదివి అచ్చటనే పంతులమ్మయై ఇప్పుడాటలు నేర్పుచున్నది. క్షేమసమాచారములు ముగియకముందే ఆమె "రండు మ్వాలిమూ" యని పిలిచి వెనుకకు నడపించెను. మ్వాలిమనగా వారిభాషలో గురువు. నెరసిన తలతోను అధ్యక్షపదవితోను వచ్చిన త్రుఫేనాకు ఆ యొక్క పిలుపుతో ప్రాణము లేచివచ్చెను.

వెనుక కనబడిన నేలను చూచి త్రుఫేనా నిలిచిపోయెను. మొరమెల్ల త్రవ్వి పాఱవేయబడినది. దానిచోట పుట్టమన్నును బూడిదయు ఆవుపేడయు కలిపి త్రొక్కి పఱచి కొయ్యదిమ్మిసలతో మోది అద్దమువలె అలికియుండిరి. ఆ ప్రాంతమున ఇంటింట తల్లులు కూతులకు నేర్పు పనియే యది. అయినను ఇంటినేల వేఱు. ఆకాశము క్రింద అంతటి మైదానము వేఱు. ప్రతిమధ్యాహ్నము వాన కొంత కొట్టుకొనిపోవును. ప్రతియుదయము బాలికలు వచ్చి మోకాళ్లపై కూర్చుండి పాటలు పాడుచు పోయినంతమేర మరల అలుకుదురు. ఆ పిమ్మట చేతులు కడుగుకొని ఆడుదురు. త్రుఫేనా బంతినెత్తి నేల గొట్టి చూచెను. అది నడుముదాక లేచి చేతిలోనికి వచ్చెను. ఆమె జోళ్లు విడిచి నడిచెను. అఱికాలికి ఒక్క పలుకైనను గ్రుచ్చుకొనలేదు.

"ఇది సిమెంటు కాదు రోడా" యని ఆమె మెల్లగ ననెను.

"కాదు మ్వాలిమూ. మీ నియమ మెఱుగుదును. నా కాలివలననే గదా యది పుట్టినది" యని మినాయో నేల చూచుచు పలికెను. "ఒక్కమాట యిన్నేండ్లు మీతో చెప్పలేదు. ఆనాడు పడి నేనేడ్చినది నొప్పిచేత కాదు. ఇక మీరాట మాన్పింతురేమోయని."

 త్రుఫేనా జీవితమంతయు తానొక బిడ్డ కన్నీటిని తుడుచుచున్నాననుకొనెను. ఆ కన్నీ రెందుకో ఒక్కనాడైన అడిగినది కాదు. అడుగకయే శాసనము చేసినది.  ఎట్లయినను ఈ బాలికల నాడించెదనని మాటయిచ్చి కారెక్కెను.

సంఘపు సభ కూడినది. సభ్యులందఱు సిమెంటు గల పాఠశాలల ప్రిన్సిపాళ్లే. కాకేమగుదురు? తక్కినవారు ఏనాడో తొలగిపోయిరి. త్రుఫేనా నియమమును తీసివేయుడని వేడెను. లుసేరి నేలను వర్ణించెను. తన పొరపాటును దాచుకొనక చెప్పెను. అంతయు విని సైలస్ ములంద యను ప్రిన్సిపాలు లేచెను. ఆయన చెడ్డవాడు కాడు. వానకు కరగు నేలమీద పందెము నడుమ బిడ్డ జాఱిన నెవరు పూచీయని ఆయన యడిగిన ప్రశ్న త్రుఫేనా యొకప్పుడు తానే యడిగినది.  పిదప ఆయన ఇంత వినయము గల పెద్దమ్మ మనకు దొరకదనియు బాలికల మోకాళ్లను కాపాడిన యీ నియమమునకు ఇకమీదట ఖసాండి నియమమని పేరిడి శాశ్వతము చేయుదమనియు చెప్పగా సభ యుప్పొంగిపోయెను. "కీలో" యను కేక లేచెను. చప్పట్లు మ్రోగెను.

త్రుఫేనా లేచి నిలిచెను. "నాకు చప్పట్లు వలదు. ఆ బిడ్డల నాడనిండు" అని యామె గొంతు పగుల బలికెను. ఆహా యేమి నిరాడంబరత యని వారు మరల చఱచిరి.

మఱునాటి యుదయమున ఆమె లుసేరికి పోయెను. నియమము సడలలేదని కబురు పంపవచ్చును గాని తన చేతులతో చేసినదానిని తన నోటితోనే చెప్పవలెనని నిశ్చయించుకొనెను. దారిపొడుగున మాటలు కూర్చుకొనెను. కాని వెనుకకు వెళ్లునప్పటికి బాలికలు వరుసగ మోకాళ్లపై కూర్చుండి నిన్నటి వాన తీసికొనిపోయిన మేర నలుకుచుండిరి. మోచేతులదాక పేడయైన ఆ పిల్లలందఱు పాట నాపి తల లెత్తి ఆమె ముఖము చూచిరి. ఆ చూపులలోని ఆశ చూచి ఆమె కూర్చుకొన్న మాటలు ఒక్కటియు మిగులలేదు. ఏమి చేయుచున్నదో తనకే తెలియక అధ్యక్షురాలు జోళ్లు విడిచి చీలమండలదాకనున్న దుస్తును పైకి దోపి వారి నడుమ మోకరించి పిడికెడు పేడయెత్తి నేలకు పూసెను.

బాలికలు కేరింతలు కొట్టిరి. అధ్యక్షురాలే వచ్చి మన నేల నలుకుచున్నది గదా ఇక మనమాడినట్లే యని వారి తలంపు. అంతకంటె రుజువేమి కావలెను? ఆగిన పాట రెట్టింపు గొంతులతో లేచెను.  ఈ పాట ముగియగనే చెప్పెదనని త్రుఫేనా యనుకొనెను. పాట ముగిసెను. ఇంకొకటి మొదలయ్యెను.

మినాయో పాడలేదు. ఆమె దూరముననుండియే గురువు ముఖము చూచెను. చిన్ననాటినుండి ఆ ముఖముననే గెలుపోటములు చదువుకొన్న పిల్ల యది. దానికి వేఱు చెప్పవలసిన పనిలేదు. ఆమె కుంటుచు వచ్చి వంగని మోకాలిని ఒకప్రక్కకు చాచి త్రుఫేనా సరసన కూర్చుండి తానును అలుకసాగెను. "చెప్పకుడు మ్వాలిమూ. ఈ వరుస కానిండు" అని మాత్రము చెవిలో ననెను.

ఇరువురును తలలు వంచి అలుకుచునే యుండిరి. చేసిన కీడునకు ప్రాయశ్చిత్తము కలదని శాస్త్రములు చెప్పుచున్నవి గాని చేసిన మేలునకు ప్రాయశ్చిత్తమేదియో యే శాస్త్రమునను కానరాదు. బాలికలు పాడుచు ముందుకు సాగిరి. నేల తళతళలాడుచు వారి వెనుక ఆఱుచుండెను. తూర్పున నంది కొండలపై అప్పటికే మొదటి మబ్బు లేచినది.