రెండు కీబోర్డుల పాఠం

హేమ టాటానగర్ దగ్గర బర్మామైన్స్‌లో ఒక ప్రైవేటు హిందీ పిల్లల స్కూల్లో పదకొండో తరగతికి లెక్కలు చెబుతుంది. కొత్తగా క్లాసు గోడకు పెద్ద టచ్ స్క్రీన్ బిగించారు. అందులో గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ ఉంది. గురువారం దాని మీదే పాఠం చెప్పాలనీ, ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చి చూస్తుందనీ కబురొచ్చింది.

ముందురోజు సాయంత్రం ఇంట్లో అదే కాలిక్యులేటర్‌ను ఫోన్లో తెరిచి సాధన మొదలుపెట్టింది. అంకెలకో కీబోర్డు, అక్షరాలకింకోటి. ఎక్స్ నొక్కబోతే పక్కనున్న ఇంటూ గుర్తు పడుతోంది. అది చెరిపేలోగా సగం సమీకరణం పోతోంది.

"ఏటే, ఆ ఫోన్నలా పొడిచేత్తన్నావు?" అన్నాడు భర్త పోలరాజు. టాటానగర్‌లో గూడ్స్ రైలు గార్డు, డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఒక్క లైను కొట్టడానికి ఇన్నిసార్లు కీబోర్డు మార్చాలేటండి? ఏ మహానుభావుడు చేసేడో గానీ!"

"మా వాకీటాకీకి ఒకటే బటను. నొక్కితే మాటాడాల, వదిల్తే వినాల."

"మీ వాకీటాకీలో సైన్ గ్రాఫు వత్తాదేటి?"

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఎట్టకేలకు సైన్ మీట దొరికి, ఫోన్లో సైన్ గ్రాఫు అలలా గీసుకుంది. హేమ ఊపిరి పీల్చుకుంది.

గురువారం క్లాసులో స్క్రీన్‌ను తాకగానే కాలిక్యులేటర్ కీబోర్డు వచ్చింది. దాన్ని కప్పేస్తూ స్క్రీన్ సొంత కీబోర్డు కూడా లేచింది, అదీ హిందీలో. వై కొట్టబోతే 'య' పడింది. పిల్లలు కిసుక్కుమన్నారు. పళ్లు బిగబట్టి ఇంగ్లీషుకు మార్చి, 'వై ఈజ్ ఈక్వల్ టు ఏ సైన్ ఎక్స్' అని ఒక్కో అక్షరమే కొట్టింది. సైన్‌కు వేరే మీట ఉందనీ, పై కీబోర్డు దాన్ని మూసేసిందనీ ఆ చిరాకులో తట్టలేదు.

అల రాలేదు. వాలుగా ఓ తిన్నని గీత వచ్చింది. పక్కన విలువలు మార్చే స్లైడర్లు నాలుగు: ఏ, ఎస్, ఐ, ఎన్.

"మ్యామ్, యే తో సీధీ లైన్ హై," అంది ముందు బెంచీలో స్మిత.

చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ గీతే. వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ వాచీ చూసుకుంది. హేమకు ఒళ్లు మండిపోయింది. ఎందుకిలా వచ్చిందో నువ్వే చెప్పమని స్మితను పిలిచింది.

స్మిత ఐ జరిపింది. గీత లేచింది. ఎన్ జరిపింది. మళ్లీ అంతే.

"చారోం కా ఏక్ హీ కామ్ హై! సబ్ మల్టిప్లై హో రహా హై!"

నిజమే, నాలుగూ చేసేది ఒకటే పని. సైన్‌ను కాలిక్యులేటర్ మూడు చరరాశులుగా చదివి గుణించేసింది. ఎక్స్‌ను దేనితో గుణించినా వాలు మారుతుందే గానీ గీత వంగదు. ఆ మాట వివరిస్తూ హేమ ప్రిన్సిపాల్ సంగతే మర్చిపోయింది. స్మిత పై కీబోర్డు మూసేసరికి సైన్ మీట బయటపడింది. అది నొక్కితే అల లేచింది. క్లాసంతా చప్పట్లు.

"కావాలనే తప్పు చేసి భలే చెప్పారు," అంది ప్రిన్సిపాల్, బయటికొచ్చాక.

"కాదు మేడమ్, నిజంగానే పొరపాటు."

"ఎంత వినయమో! శనివారం సాయంత్రం టీచర్లందరికీ మీరే నేర్పాలి."

శనివారం పర్సుడీహ్‌లో చెల్లెలు సుధ కూతురి పుట్టినరోజు. రాలేనని హేమ ఫోన్ చేసింది.

"ఏటయ్యిందక్కా?"

"ఏటవుద్దే? తప్పు బాగా చేసేనంట!"